తప్పు పుట్టని ఫ్రేమ్‌వర్కు

ఢిల్లీ జియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉండే త్యాగరాజుకి లోకంలో నచ్చని విషయాలు చాలా ఉండేవి. వాటిలో మొదటిది ఇంటర్నెట్టు. దాన్ని వాడటం కాదు, దాన్ని కట్టిన తీరు అతనికి నచ్చేది కాదు. రైలు టికెట్టు బుక్ చేస్తుంటే మధ్యలో తెల్ల పేజీ వస్తే మనమంతా విసుక్కుని మళ్లీ నొక్కుతాం. త్యాగరాజు నొక్కడు. కుర్చీలో వెనక్కి వాలి, ఆ సైటు రాసినవాడి మీద జాలిపడతాడు. "ఇదంతా పునాదిలో ఉన్న రోగం" అంటాడు. వినేవాళ్లు పక్కన లేకపోయినా అంటాడు.

నరసరావుపేట నుంచి వచ్చి గుర్‌గావ్ కంపెనీలో చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. పగలంతా ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ కోసం జావాలో ప్రోగ్రాములు రాసేవాడు. ఆ పని గురించి ఎవరడిగినా "ఏదో పొట్టకూటికి" అని తేల్చేసేవాడు. అసలు పని సాయంత్రం ఆఫీసు క్యాబ్ దిగి గదికొచ్చాక మొదలయ్యేది. హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో అతను ఒక ఆదర్శ వెబ్ ఫ్రేమ్‌వర్కు తయారుచేస్తున్నాడు. ఫ్రేమ్‌వర్కంటే వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్లకి ముందే సిద్ధం చేసి ఇచ్చే చట్రం. గుమ్మాలూ దూలాలూ అందులోనే ఉంటాయి, గోడలు లేపుకోవడమే మన పని. త్యాగరాజు చట్రంలో విశేషమేమిటంటే, వంకర గోడ కడదామన్నా కుదరదు.

దాని పేరు శుద్ధ. ఫంక్షనల్ భాషలో ఫంక్షను మడి కట్టుకున్న మనిషిలాంటిది. ఇచ్చింది పుచ్చుకుని ఇవ్వాల్సింది ఇస్తుంది, పక్కనున్న దేన్నీ ముట్టుకోదు. బయటి మైల, అంటే మనుషులు కీబోర్డు మీద కొట్టే చెత్తాచెదారం, గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. లోపలికి రావాలంటే ప్రతిదానికీ ఇది ఫలానా రకం అని ముద్ర ఉండాలి. ముద్ర లేనిది లోపలికి రాదు. తప్పుని వెతికి దిద్దడం కాదు, తప్పు అసలు పుట్టకూడదు. ఇదీ అతని సిద్ధాంతం.

మరి పూర్తయిందా అంటే, ఎప్పుడూ పూర్తి కావచ్చేది. సరిగ్గా అప్పుడే అతనికి ఇంతకంటే అందమైన పద్ధతి తట్టేది. ఉన్నదంతా పీకేసి మళ్లీ పునాది తవ్వేవాడు. గోడకి అంటించిన కాగితాల నిండా బాణాలు, గ్రీకు అక్షరాలు. ఇంటి ఓనరు చౌదరి ఒకసారి నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి పైకొచ్చి, ఆ గోడ చూసి, "యే క్యా హై భయ్యా, జాదూ టోనా?" అని, చేతబడి చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

అతనికి మర్యాద దక్కే చోటు ఒక్కటే ఉండేది. ప్రపంచంలో అక్కడొకరూ ఇక్కడొకరూ ఉండే హాస్కెల్ మనుషులంతా ఈమెయిళ్లలో మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టు. ఆఫీసులో మేనేజరు కూడా సరిగా పలకని అతని పేరుని అక్కడ ఫిన్లాండ్ వాళ్లు గౌరవంగా తలుచుకునేవారు. ఏ వాదం వచ్చినా చివరికి "దీని గురించి త్యాగరాజు ఏమంటారో" అనేవాళ్లు. ఆ ఒక్క వాక్యం కోసం అతను రోజంతా ఇన్సూరెన్స్ కంపెనీని భరించేవాడు.

ఇక తిండి సంగతి. కింద గల్లీలో అన్నపూర్ణేశ్వరి గారి మెస్సు. ఆవిడది తణుకు దగ్గర పల్లె. భర్త ధౌలా కువాన్‌లో కాలేజీ క్యాంటీనుకి వంట చేసేవారు. ఆయన పోయాక ఆవిడ జియా సరాయ్‌లో ఒక నేలగది తీసుకుని, సివిల్స్ రాసే తెలుగు పిల్లలకి వండిపెట్టడం మొదలుపెట్టారు. చింతపండు పులుసు వాసన గల్లీ మొదట్లోకే వచ్చేది. పిల్లలంతా ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్లు. ఆవిడ మాత్రం అందరినీ, తనకంటే పాతికేళ్లు చిన్నవాళ్లని కూడా, అండీ అనే పిలిచేవారు. గోదావరి నీళ్ల అలవాటు అది.

చదువుకునే పిల్లలు కిందికి దిగి తినడానికి కూడా టైము లేదంటారు. గదికే డబ్బా పంపమని ఫోన్లు చేస్తారు. ఆవిడ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గరిటె పట్టుకుని నానా అవస్థా పడేవారు. ఒకరోజు ఫోనులో ఎవరిదో గది గుర్తులు వింటుంటే సాంబారు అడుగంటింది. ఆ మాడు సాంబారే త్యాగరాజు కంచంలోకి వచ్చింది. అతనికి జాలి వేసిందో, నాలుకే బాధపడిందో, రెండు సాయంత్రాలు కూర్చుని ఆవిడకో వెబ్ పేజీ రాసిచ్చాడు. పిల్లలు అందులో ఆర్డరు పెడతారు, మెస్సు మూల పెట్టిన పాత కంప్యూటర్లో ఆవిడ చూసుకుంటారు.

ఆ పేజీని అతను శుద్ధలో రాయలేదు. శుద్ధ అప్పటికి మళ్లీ పునాదిలో ఉంది. పీహెచ్‌పీలో రాశాడు. పీహెచ్‌పీ అంటే లోకమంతా గబగబా సైట్లు కట్టేసే భాష, లిస్టులో దాని పేరెత్తితే ముక్కు మూసుకుంటారు. ఎవరేం కొట్టినా పుచ్చుకునే పేజీ అది. 'ఎక్కడికి తేవాలి?' అని ఒక పెద్ద డబ్బా పెట్టి వదిలేశాడు. పిల్లలు అందులో వాళ్లకి తోచినట్టు రాసేవాళ్లు. 'మున్నీ బ్యూటీ పార్లర్ పైన రెండో తలుపు, గట్టిగా కొట్టాలి' అని సాత్విక అనే అమ్మాయి రాసేది. 'నల్లకుక్క ఉండే మెట్ల పక్కన' అని ఇంకొకడు. పాపయ్య అనే ఆయన సైకిలు మీద డబ్బాలు వేసుకెళ్లి సరిగ్గా ఆ తలుపే కొట్టేవాడు. ఏడాదిగా ఆ పేజీ ఒక్కరోజు ఆగలేదు. త్యాగరాజు మాత్రం దాన్ని తలుచుకోవడానికే సిగ్గుపడేవాడు. అగ్రహారం మనిషి చాటుగా ఇరానీ హోటల్లో తిన్నట్టు, ఆ సంగతి లిస్టులో ఎవరికీ చెప్పలేదు.

ఆ పేజీ ఇచ్చిన రోజు అన్నపూర్ణేశ్వరి గారు భయపడుతూ అడిగారు. "బాబూ, ఇందులో ఏదన్నా తప్పొస్తే ఎలాగండీ?"

త్యాగరాజు శుద్ధ గురించి మాట్లాడే గొంతుతోనే జవాబిచ్చాడు. "నేను రాసిందాంట్లో తప్పు పుట్టదు ఆంటీ. ఏదన్నా తేడా వచ్చిందంటే వాడే మనిషి సరిగ్గా చూసుకోలేదన్నమాట." నోరూరుకోక అన్నమాట అది. ఆవిడ మాత్రం శాస్త్రం చెప్పినంత శ్రద్ధగా మనసులో పెట్టుకున్నారు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక లిస్టులో ఎవరో కొత్తవాడు అడిగాడు. శుద్ధ చాలా బాగుంది గానీ, దాని మీద నిజంగా నడుస్తున్న సైటు ఒక్కటైనా ఉందా అని. ప్రశ్నలో వెటకారం లేదు. రోజంతా ఎవరూ జవాబివ్వలేదు. అందరూ తన కోసమే ఎదురుచూస్తున్నారని త్యాగరాజుకి తెలుసు. ఆఫీసులో పని ముట్టలేదు. సాయంత్రం గదికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని రాశాడు. 'ఉంది. ఢిల్లీలో ఒక భోజనాల సంస్థ ఏడాదిగా దీని మీదే ఆర్డర్లు తీసుకుంటోంది. ఇంతవరకు ఒక్క తప్పు కూడా రాలేదు.'

ప్రతి ముక్కా విడివిడిగా నిజమే. మెస్సు ఉంది, ఏడాదిగా నడుస్తోంది, తప్పు రాలేదు. 'దీని మీదే' అన్న ఒక్క మాటే అబద్ధం. పంపించాక ఒళ్లు కాస్త వేడెక్కింది. లిస్టులో అభినందనలు కురిసేసరికి ఆ వేడి హాయిగా అనిపించింది. అబద్ధమాడానని అతనికి అనిపించలేదు, రేపటి నిజాన్ని ఇవాళే చెప్పాననిపించింది. మనిషి తన తప్పుకి ఎంత మంచి పేరైనా పెట్టుకోగలడు.

పుణె నుంచి దేశ్‌పాండే అనే ఆయన విడిగా ఉత్తరం రాశాడు. ఆయనకి చిన్న కంపెనీ ఉంది. తమ కొత్త సరుకంతా శుద్ధ మీదే కడదామనుకుంటున్నాడు. అక్టోబరులో ఢిల్లీ వస్తున్నాడు, ఆ భోజనాల సైటు కళ్లారా చూసి, వీలైతే అక్కడే భోంచేసి వెళతానన్నాడు.

త్యాగరాజు జవాబు రాయడానికి కూర్చున్నాడు. నిజం చెప్పడానికి ఒక్క ఉత్తరం చాలు. కానీ ఆ ఉత్తరం రాస్తే, లోకంలో తనకున్న ఒకే ఒక కుర్చీ పోతుంది. అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం కంటే దాన్ని నిజం చేసేయడం మేలనుకున్నాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లకి మాత్రమే తట్టే ఆలోచన ఇది. మామూలు మనిషి అబద్ధమాడితే దాక్కుంటాడు. వీళ్లు దాన్ని కట్టడానికి కూర్చుంటారు.

కట్టాడు కూడా. ఇన్నేళ్లుగా తెమలని శుద్ధ భయానికి నెల తిరక్కుండా తెమిలింది. మెస్సు పేజీని శుద్ధలో కొత్తగా రాస్తుంటే, ఆ పాత డబ్బాని చూసి మొహం చిట్లించాడు. 'ఎక్కడికి తేవాలి' అన్నదానికి ముద్రేమిటి? అడ్రసంటే అడ్రసులా ఉండాలి. ఇంటి నంబరు, అంతస్తు, గల్లీ, పిన్‌కోడు, ఇవన్నీ ఉంటేనే అడ్రసు. ఏ ఒక్కటి లేకపోయినా అది లోపలికి రాదు. తన అడ్రసు పెట్టి చూశాడు. తన ఇంటికి గుమ్మం మీద నంబరు పలక ఉంది, చక్కగా పనిచేసింది. జియా సరాయ్‌లో సగం గదులకి నంబర్లే లేవనీ, ఏడాదిగా తన పేజీ నిండా ఉన్నవి పార్లర్లూ కుక్కలేననీ అతనికి తెలియదా అంటే తెలుసు. రాసేటప్పుడు మనసు అటు పోలేదు.

దేశ్‌పాండే సోమవారం వస్తాడనగా, ఆదివారం మధ్యాహ్నం పాత పేజీ తీసేసి కొత్తది పెట్టాడు. అప్పటికే వచ్చి ఉన్న ఆర్డర్లన్నీ కొత్తదాంట్లోకి పోశాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక వరస వచ్చింది. కొన్ని ఆర్డర్ల అడ్రసులు ముద్రకి సరిపోలేదు, వదిలేశాం అని. త్యాగరాజు ఆ వరసని చదివాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత అతను మర్చిపోదామని ఎంత ప్రయత్నించినా కుదరనిది ఇదే. చదివి, ఏవో పిల్లలు ఆటకి కొట్టిన చెత్త ఆర్డర్లయి ఉంటాయిలే, తర్వాత చూద్దామనుకున్నాడు. కిందికెళ్లి టీ తాగాడు. చాలా కాలానికి గుండె తేలికపడింది. తన అబద్ధం ఇప్పుడు నిజం.

మర్నాడే సివిల్స్ మెయిన్స్ మొదలు. పరీక్ష రోజుల్లో అన్నపూర్ణేశ్వరి గారి మెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున్నే వేడి ఇడ్లీ, మధ్యాహ్నం రెండో పేపరు ముందు తినడానికి పెరుగన్నం, రెండూ కలిపి డబ్బా కట్టి పిల్లల గదికి పంపుతారు. దాని కోసం పిల్లలు వారం ముందే ఆర్డర్లు పెట్టేసి పుస్తకాల్లో తలదూర్చారు. మళ్లీ ఎవరూ పేజీ తెరిచి చూడలేదు. వాళ్లు చూడాల్సిన పనీ లేదు.

సోమవారం సాయంత్రం దేశ్‌పాండే వచ్చాడు. పొట్టి మనిషి, నిదానంగా మాట్లాడతాడు, ప్రతిదీ వంగి చూస్తాడు. మెస్సు మూల కంప్యూటరు ముందు కూర్చుని కొత్త పేజీని నొక్కి చూశాడు. ఉత్తుత్తి అడ్రసులు కొట్టాడు. పేజీ ఒక్కటీ లోపలికి రానివ్వలేదు. "అద్భుతం" అన్నాడు ఇంగ్లీషులో. "చెత్త దేన్నీ రానివ్వడం లేదు." త్యాగరాజు సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. అన్నపూర్ణేశ్వరి గారు పప్పు వడ్డిస్తున్నారు.

అప్పుడు సాత్విక వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ పూట మొహం పీక్కుపోయి ఉంది. చేతిలో పరీక్ష అట్ట ఇంకా అలాగే ఉంది.

"ఆంటీ, పొద్దుగాల ఏడున్నర దాంక గేటు కాడ నిలవడ్డ. పాపయ్య రాలే. ఫోన్ జేస్తే మీరెత్తలే. ఏం తినకుండ పోయి రాసిన. రెండో పేపరుకి కండ్లు తిరిగినయ్, చేతులు వణికినయ్. ఇది నా ఆఖరి అటెంప్టని మీకు తెల్వదా?"

ఇంకో ఇద్దరు కుర్రాళ్లు కూడా తలలెత్తి, తమకీ రాలేదన్నారు. అన్నపూర్ణేశ్వరి గారు పప్పు గిన్నె బల్ల మీద పెట్టేశారు.

"తెలుసండి అమ్మా. నాదే తప్పు. కంప్యూటర్లో చూసుకోవడంలో ఎక్కడో పొరపాటు పడ్డాను. ఈ కళ్లజోడుతో నాకు సరిగ్గా ఆనదండి."

"ఆనకుంటే చెప్పాలె గద ఆంటీ. నేను మిమ్మల్ని నమ్మి కూసున్న."

ఏ అడ్రసు ముద్రకి సరిపోలేదో త్యాగరాజుకి అప్పుడు అర్థమైంది. మున్నీ బ్యూటీ పార్లర్ పైన రెండో తలుపు. ఆదివారం నాటి ఇంగ్లీషు వరస కళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఇప్పుడు ఒక్క మాటంటే చాలు. నోరు తెరిచాడు కూడా. పక్కన దేశ్‌పాండే అతని వైపు వంగి, "ఆ అమ్మాయి ఏమంటోంది? ఏదన్నా సమస్యా?" అని అడిగాడు.

"ఏం లేదు" అన్నాడు త్యాగరాజు ఇంగ్లీషులో. "పొద్దున ట్రాఫిక్ వల్ల భోజనం ఆలస్యమైందట."

సాత్వికకి ఇంగ్లీషు రాదా ఏమిటి. ఆమె ఒక్కసారి అతని మొహంలోకి చూసి వెళ్లిపోయింది. ఆంటీ ఆమె వెనకాలే గల్లీలోకి పరుగెత్తి, మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకోబోయి, దొరక్క వెనక్కి వచ్చారు. వచ్చి త్యాగరాజు కంచంలో నెయ్యి వేస్తూ మెల్లిగా అన్నారు. "క్షమించండి బాబూ. అంత దూరం నుంచి వచ్చిన మీ స్నేహితుడి ముందు మీ పేరు పాడుచేశాను." త్యాగరాజు ఆ నెయ్యి కలుపుకుని తిన్నాడు. తినకపోతే దేశ్‌పాండే అడుగుతాడని తిన్నాడు. అంత సిగ్గుమాలిన ముద్ద అతను పుట్టాక ఎప్పుడూ మింగలేదు.

దేశ్‌పాండేని ఆటో ఎక్కించాక గదికెళ్లి పాత పీహెచ్‌పీ పేజీని మళ్లీ పెట్టేశాడు. పార్లరు, నల్లకుక్క, అన్నీ తిరిగొచ్చాయి. మర్నాటి డబ్బాలు సరిగ్గానే వెళ్లాయి, సాత్వికది తప్ప. ఆమె ఆర్డరు మానేసింది. మిగిలిన పిల్లల డబ్బాలకి పాపయ్య వెంట ఆంటీ తనే బయల్దేరారు, మోకాళ్ల నొప్పులతో మూడేసి అంతస్తులు ఎక్కి, ప్రతి తలుపు దగ్గరా "అందిందాండీ" అని అడుగుతూ. త్యాగరాజు తన కిటికీలోంచి ఆవిడ ఎక్కడం చూశాడు, దిగడం చూశాడు. కిందికి దిగి మొహం చూపించడానికి కాళ్లు రాలేదు. కట్వారియా సరాయ్ వైపు ఒక ఢాబాలో తినడం మొదలుపెట్టాడు. అక్కడి రాజ్మా గొంతు దిగేది కాదు. దేశ్‌పాండే లిస్టులో తాను చూసిందంతా మెచ్చుకుంటూ రాశాడు. దాని కింద వచ్చిన పొగడ్తల్ని అతను చదవలేకపోయాడు. దొంగతనంగా వేసుకున్న చొక్కాని ఎవరో బాగుందన్నట్టు ఉండేది.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం అన్నపూర్ణేశ్వరి గారే పైకొచ్చారు. మెట్లెక్కిన ఆయాసం తీరాక, చేతిలో ఉన్న గిన్నె బల్ల మీద పెట్టారు. గుత్తొంకాయ కూర.

"మీరు రావడం మానేశారు. కోపం వచ్చి ఉంటుందనుకున్నానండి. ఒక సంగతి చెప్పి పోదామని వచ్చాను. ఆ కంప్యూటరు తీయించేస్తున్నాను బాబూ. మళ్లీ ఫోనులోనే రాసుకుంటాను. మీరు ఎంత బాగా రాసిచ్చినా, వాడటం నాకు చేతకాలేదు."

త్యాగరాజు లేచి నిలబడ్డాడు. "ఆంటీ, కూర్చోండి. ఆ రోజు తప్పు మీది కాదు. నాది. ఆదివారం ఆ పేజీ మొత్తం మార్చేశాను. కొత్తదాంట్లో సాత్విక అడ్రసు పట్టలేదు. వదిలేశామని అది నాకు చెప్పింది కూడా. నేనే పట్టించుకోలేదు."

ఆవిడ అతని వైపు జాలిగా చూశారు. "ఊరుకోండి బాబూ. నన్ను ఓదార్చడానికి నెత్తిన వేసుకోకండి. మీరే చెప్పారు కదండీ, మీరు రాసిందాంట్లో తప్పు పుట్టదని."

"అది గొప్పకి చెప్పానాంటీ."

"గొప్పకి చెప్పే మనిషేనా మీరు." ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. "మీకో మాట చెప్పనా. ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున సాత్విక ఆర్డరు కనబడలేదేమిటా అని నాకు అనుమానం వచ్చిందండి. ఆ పిల్ల పరీక్షకి చెప్పకుండా ఉంటుందా అని, ఒక డబ్బా కట్టి పక్కన పెట్టాను కూడా. మళ్లీ అనుకున్నాను, కంప్యూటర్లో లేదంటే లేనట్టే, త్యాగరాజుగారిది తప్పు రాదు, వద్దనుకుందేమోనని. మూత తీసి ఇడ్లీలు పాత్రలో వేసేశాను. నా మనసు చెప్పింది నేను వినలేదు. అందుకని నాదే తప్పు."

త్యాగరాజుకి అప్పుడు తెలిసొచ్చింది. ఒక మనిషికి సరిగ్గా తెలిసిన దాన్ని తన గొప్పలు కొట్టేశాయి. ఆవిడ కట్టిన డబ్బా మూత తీయించింది తనే. కూర చల్లారిపోతుందని చెప్పి ఆవిడ మెట్లు దిగారు. అతను గోడకేసి తిరిగి, ఆ బాణాల కాగితాల ముందు పిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు సాత్విక చదువుకునే రీడింగ్ రూముకి వెళ్లాడు. బయట మెట్ల మీద నిలబెట్టి, పేజీ మార్చిన దగ్గర్నుంచి చదివి వదిలేసిన వరస దాకా, ఏదీ మింగకుండా చెప్పాడు. ఆమె చేతులు కట్టుకుని విన్నది. తిడుతుందని అతను ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"కంప్యూటరుల తప్పైతయ్ అన్నా, గది నాకు సమజైతది" అంది చివరికి. "కాని ఆ దినం నువ్వు ఆడనే కూసున్నవ్. నేను ఆంటీని అన్ని మాటలంటుంటే పప్పన్నం తిన్నవ్. నోరెందుకు తెరవలే?"

పక్కన అతిథి ఉన్నాడనీ, లిస్టులో పేరు పోతుందనీ త్యాగరాజు చెప్పాలి. ఆ మెట్ల మీద, ఆ అమ్మాయి ముందు, ఆ మాటలు పైకి అనడానికి కూడా పనికిరానివిగా తోచాయి. "సిగ్గేసింది" అన్నాడు.

"ఎవరి ముంగట?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆమె చెప్పులేసుకుని మెస్సు వైపు నడిచింది.

ఆ సాయంత్రం అతను లిస్టుకి రాశాడు. మెస్సు శుద్ధ మీద నడిచింది ఒక్కరోజేననీ, ఆ ఒక్కరోజే పిల్లలు పస్తున్నారనీ రాశాడు. జవాబులు రాలేదు. తర్వాత ఏ వాదంలోనూ అతని పేరు ఎవరూ ఎత్తలేదు. దేశ్‌పాండే ఒక్కడే విడిగా రెండు వాక్యాలు రాశాడు. 'చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ రోజు ఆ అమ్మాయి నిజంగా ఏమందో ఇప్పుడు చెప్పగలవా?' త్యాగరాజు సాత్విక మాటల్ని ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి పంపించాడు. ఆఖరి అటెంప్టు దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఆగిపోయాడు.

ఫలితాల్లో సాత్విక పేరు లేదు. ఆ ఒక్క రోజు వల్లేనని ఎవరూ అనలేరు, కాదనీ అనలేరు. ఆమె కరీంనగర్ వెళ్లిపోయే ముందు మెస్సులో ఆంటీ పక్కన కూర్చుని తిన్నది. త్యాగరాజుకి నమస్కారం పెట్టింది గానీ మాట్లాడలేదు.

మెస్సులో కంప్యూటరు మళ్లీ పెట్టించలేదు. పాత పేజీ బాగానే నడుస్తోందని త్యాగరాజు ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు, తన చేతుల మీద నమ్మకం పోయిందన్నారు. అందుకని అతనే ఆఫీసు నుంచి వచ్చి రోజూ సాయంత్రం మెస్సు మూల కూర్చుంటాడు. ఆవిడ గరిటె తిప్పుతుంటే ఫోను ఎత్తి ఆర్డర్లు రాసుకుంటాడు. ఎవరు ఏ గుర్తు చెప్పినా ఒకటికి రెండుసార్లు తిరిగి అడుగుతాడు. పరీక్షల కాలంలో ఎవరి ఆర్డరైనా కనబడకపోతే తనే వాళ్లకి ఫోను చేస్తాడు. ఒకవేళ ఆవిడ అనుమానంగా డబ్బా కట్టి పక్కన పెడితే, అడక్కుండా పాపయ్య సైకిలుకి తగిలిస్తాడు. గది గోడ మీద ఇప్పుడు కాగితాల్లేవు, వాటిని పీకిన చోట సున్నం ఊడిన మచ్చలున్నాయి.

కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా అన్నపూర్ణేశ్వరి గారు అతన్ని చూపించి గర్వంగా చెబుతారు. "ఈయన మాకు కంప్యూటర్లో ఎంత బాగా రాసిచ్చారో. ఈయన రాసిందాంట్లో తప్పే రాదండి. నాకే వాడటం చేతకాలేదు."

"కాదు ఆంటీ, తప్పు నాదే" అంటాడు త్యాగరాజు, ప్రతిసారీ.

ఎంత పెద్ద ఉద్యోగం, ఎంత వినయం అని పిల్లలు ముచ్చటపడతారు. అతను తల దించుకుని మోగుతున్న ఫోను ఎత్తుతాడు.